నీళ్లపై అనుమానం వచ్చిన రోజే కాలనీకి చెప్పాలా, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగాలా?

ప్రశ్న (కాలనీ సంక్షేమ సంఘ కార్యదర్శి)

కృష్ణా తీరంలోని ఒక పట్టణంలో, 340 ఇళ్లున్న కాలనీకి నేను సంక్షేమ సంఘ కార్యదర్శిని. వృత్తిరీత్యా లెక్కల ఉపాధ్యాయుడిని కనుక వైద్యం గురించి నాకు తెలిసింది తక్కువ. గత నెలలో మా కాలనీలో జరిగినదంతా ఉన్నదున్నట్టు చెప్పి, ఈ విషయంలో అనుభవం ఉన్నవారి సలహా కోరుతున్నాను.

పక్కపక్కనే ఉన్న రెండు వీధుల్లో ఒక సోమవారం ముగ్గురికి, మరునాడు మరో ఐదుగురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆ ఇళ్లన్నింటికీ ఒకే గొట్టం నుంచి కుళాయి నీళ్లు వస్తాయన్న సంగతి మంగళవారం సాయంత్రానికి నాకు తట్టింది. వెంటనే సంబంధిత అధికారికి ఫోన్ చేశాను. నమూనాలను పరీక్షకు పంపుతామని, ఫలితం వచ్చేదాకా ఎవరికీ ఏమీ చెప్పవద్దని, చెబితే జనం బెంబేలెత్తిపోతారని ఆయన మర్యాదగానే అన్నారు. ఆ మాట సబబుగానే తోచి నేను ఊరుకున్నాను. గురువారానికి బాధితుల సంఖ్య 19కి చేరింది. శుక్రవారం ఉదయం "పరిస్థితి అదుపులోనే ఉంది, ప్రజలు ఆందోళన చెందాల్సిన అవసరం లేదు" అన్న రెండు ముక్కల సందేశం మా ఫోన్లకు వచ్చింది. అప్పటికే నలుగురు చనిపోయారంటూ ఒక వాయిస్ మెసేజ్ ఊరంతా తిరుగుతోంది. నిజానికి ఎవరూ చనిపోలేదు. అయినా కొన్ని కుటుంబాలు పిల్లలను తీసుకుని బంధువుల ఊళ్లకు వెళ్లిపోయాయి, 20 రూపాయల నీళ్ల టిన్ను 60 రూపాయలకు అమ్ముడుపోయింది. శనివారం నాడు మురుగు కాలువ కిందుగా పోయే గొట్టానికి అతుకు ఊడిన చోటు దొరికింది. దాన్ని బాగుచేశాక జబ్బు తగ్గుముఖం పట్టింది.

మా వీధిలోని ఒక పెద్దావిడ ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చారు. ఆవిడకు జబ్బు చేసింది బుధవారం రాత్రి. మొన్న ఆవిడ కుమారుడు నన్ను దారిలో ఆపి, "మాస్టారూ, మంగళవారమే మీకు తెలుసట కదా, ఒక్క మాట చెబితే నీళ్లు కాచుకునేవాళ్లం కదా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

నా ప్రశ్న ఇది. జబ్బు ఏమిటో, ఎక్కడి నుంచి వస్తోందో తేలకముందే జనానికి చెప్పడం బాధ్యతా, లేక తొందరపాటా? చెప్పవలసి వస్తే, భయపెట్టకుండా, అబద్ధమాడకుండా ఏ మాటలతో చెప్పాలి?

సమాధానం 1 (విశ్రాంత పురపాలక ఆరోగ్య వైద్యాధికారి)

మాస్టారూ, మీకు "ఆగండి" అని చెప్పిన అధికారి కుర్చీలో నేను ఇరవై ఏళ్లకు పైగా కూర్చున్నాను. ఒకటికి రెండుసార్లు అదే మాట చెప్పాను కూడా. కనుక ఆయనను తప్పుపట్టే అర్హత నాకు లేదు. అయితే ఆ సలహా ఎందుకు పొరపాటో ఇప్పుడు నాకు స్పష్టంగా తెలుసు.

నీటిలో మలసంబంధమైన బాక్టీరియా ఉందో లేదో తేల్చడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. రోగి మలంలోని క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష చేసి కలరాయో కాదో చెప్పడానికి మరో రోజు అదనంగా పట్టవచ్చు. కలరా క్రిమి మాత్రం ఒంట్లోకి వెళ్లిన కొద్ది గంటల నుంచి ఐదు రోజుల లోపు జబ్బు చేస్తుంది. అంటే ప్రయోగశాల నడక కంటే క్రిమి నడక వేగం. మీరు లెక్కల మాస్టారు కనుక దీన్ని లెక్కలాగే చూడండి. మంగళవారం మీరు "నీళ్లు మరిగించి తాగండి" అని చెప్పి, తీరా నీళ్లలో దోషం లేదని తేలితే, 340 ఇళ్లలో నాలుగు రోజుల పాటు కాస్త గ్యాసు ఖర్చయ్యేది, మిమ్మల్ని చూసి కొందరు నవ్వేవారు. చెప్పకుండా ఊరుకుంటే ఏమైందో మీరే చూశారు. రెండు పొరపాట్లకూ ఖరీదు ఒకటి కానప్పుడు, చవకైన పొరపాటు చేసే ధైర్యం ఉండాలి.

ఇది మన పట్టణాలకే పరిమితమైన జాడ్యం కాదు. అమెరికాలోని మిల్వాకీ నగరంలో 1993 మార్చి చివరి వారాల్లో ఒక నీటిశుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీరు మసకబారడం మొదలైంది. పరికరాలు ఆ మసకను నమోదు చేస్తూనే ఉన్నాయి. ఉద్యోగులు, విద్యార్థులు పెద్దసంఖ్యలో సెలవు పెట్టారు, మందుల దుకాణాల్లో విరేచనాల మందులు అయిపోయాయి. నీళ్లు మరిగించి తాగమని ప్రకటన వెలువడింది మాత్రం ఏప్రిల్ 7న. అప్పటికే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి వేల ఇళ్లకు చేరింది. మొత్తంమీద సుమారు 4,03,000 మంది జబ్బు పడ్డారని తరువాత అంచనా వేశారు. అంత సాంకేతికత ఉన్న నగరంలోనే, గొట్టం చివర ఉన్న మనుషులు జబ్బు పడుతున్నారన్న సాక్ష్యం ప్రయోగశాల కాగితం కంటే ముందే వచ్చింది. మీ కాలనీలో ఒకే గొట్టం మీద రెండు రోజుల్లో ఎనిమిది మంది పడిపోవడం కూడా అటువంటి సాక్ష్యమే.

ఇక "ఆందోళన చెందాల్సిన అవసరం లేదు" అన్న వాక్యం. దీన్ని మా కార్యాలయాల్లో రబ్బరు ముద్రలా వాడేవాళ్లం. వినేవాడికి అది మూడు రకాలుగా చేటు చేస్తుంది. భయపడుతున్న మనిషికి, అతని భయం తెలివితక్కువదని చెబుతుంది. చేయడానికి అతనికి ఏ పనీ ఇవ్వదు. పైగా, ఆందోళన అక్కరలేని విషయమైతే ఇంత పొద్దున్నే సందేశం ఎందుకు పంపారన్న అనుమానాన్ని తనే పుట్టిస్తుంది. ముప్పు గురించి జనంతో ఎలా మాట్లాడాలన్న రంగంలో పేరున్న అమెరికన్ సలహాదారు పీటర్ శాండ్‌మన్ ఒక సూత్రం చెప్పారు: జనం దృష్టిలో ముప్పు అంటే అసలు ప్రమాదం, దానికి తోడు వారి ఆగ్రహం. ప్రమాదం చిన్నదే అయినా దాచారన్న కోపం తోడైతే ముప్పు కొండంత అవుతుంది. మీ పెద్దావిడ కుమారుడి మాటలో ఉన్నది ఆ రెండో భాగమే.

సార్స్ వ్యాధి తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో వ్యాధి ప్రబలినప్పుడు ప్రజలతో ఎలా మాట్లాడాలో మార్గదర్శకాలు ఇచ్చింది. నమ్మకం నిలుపుకోవడం, త్వరగా ప్రకటించడం, దాపరికం లేకపోవడం, ప్రజలు ఏమనుకుంటున్నారో వినడం, ఇవన్నీ ముందుగానే సిద్ధం చేసుకోవడం అందులోని ముఖ్యాంశాలు. అవి ఊరికే పుట్టలేదు. 2003 ఫిబ్రవరిలో, సార్స్ వ్యాపిస్తున్న దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో అధికారిక సమాచారం లేక, ఫోన్ సందేశాలే వార్తలై, జనం వెనిగర్ కోసం ఎగబడి ఇళ్లలో దాన్ని మరిగించి ఆవిరి పట్టుకున్నారు. ఏప్రిల్ 20న ఆ దేశ ఆరోగ్యమంత్రిని, బీజింగ్ మేయర్‌ను పదవుల నుంచి తప్పించారు. మౌనం వల్ల భయం తగ్గిన సందర్భం నా ఉద్యోగజీవితంలోనూ నాకు కనబడలేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని విస్మరించకండి. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా ప్రబలినప్పుడు, జనం నిర్లక్ష్యం చేయకూడదని మొదట్లో "ఈ వ్యాధికి మందు లేదు, ఇది చంపుతుంది" అన్న ధోరణిలో ప్రచారం చేశారు. మందే లేనప్పుడు ఆసుపత్రికి పోవడం ఎందుకని రోగులు ఇళ్లలోనే ఉండిపోయారు, వారిని చూసుకున్నవారికి జబ్బు సోకింది. కాబట్టి ఎంత భయపెట్టాలి అన్న కొలతతో మొదలుపెట్టకండి. విన్న మనిషి తరువాతి గంటలో ఏ పని చేయాలో తేల్చుకుని, అక్కడి నుంచి వాక్యం రాయండి.

సమాధానం 2 (కర్రీ పాయింట్ నడిపే వ్యక్తి)

డాక్టరు గారు చెప్పినది చదివాను. చవకైన పొరపాటు అన్నారు, కానీ ఆ ఖర్చు అందరికీ సమానంగా పడదన్న సంగతి కూడా ఎవరో ఒకరు చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మా పేటలో ఇలాగే విరేచనాలు మొదలైనప్పుడు, ఆటో మైకులో "బయటి ఆహారం తినవద్దు" అని రోజుకు మూడు పూటలా చాటారు. నా దుకాణం 22 రోజులు ఖాళీగా ఉంది. తరువాత తేలిందేమిటంటే నీటి గొట్టంలో లోపం. గొట్టం బాగుచేసిన సంగతి ఎవరూ మైకులో చెప్పలేదు, దుకాణాల వల్ల కాదని అసలే చెప్పలేదు. ఇప్పటికీ కొందరు పాత ఖాతాదారులు నా కొట్టు ముందు నుంచే వేరే చోటికి పోతారు.

మాస్టారికి నా విన్నపం ఒక్కటే. హెచ్చరిక రాసే రోజునే, ఆ హెచ్చరికను ఎప్పుడు ఎత్తివేస్తారో, ఎత్తివేశామని ఎలా చెబుతారో కూడా రాయండి. అనుమానం ఉన్న వస్తువు పేరు మాత్రమే చెప్పండి. నీళ్ల మీద అనుమానం ఉంటే నీళ్లనండి. జాగ్రత్త కోసమంటూ పానీపూరీ బండిని, చేపల మార్కెట్‌ను, పక్క బస్తీని కలిపి చెబితే, జబ్బు పోయాక కూడా ఆ మచ్చ పోదు.

సమాధానం 3 (సూరత్‌లో పెరిగిన చేనేత కుటుంబీకుడు)

మాది కరీంనగర్ ప్రాంతం. సూరత్ మరమగ్గాల మీద బతికే వేలాది తెలుగు పద్మశాలి కుటుంబాలలో మాదీ ఒకటి. 1994 సెప్టెంబరులో ఆ నగరంలో ప్లేగు వచ్చినప్పుడు నాకు పదకొండేళ్లు. మాస్టారి ప్రశ్నకు నా చిన్ననాటి అనుభవంలో ఒక జవాబు ఉన్నదనిపించి రాస్తున్నాను.

ఆ ఏడాది వానలకు తాపీ నది పొంగి లోతట్టు బస్తీలు మునిగాయి. నీరు తీశాక చెత్త, చచ్చిన జంతువులు అలాగే ఉండిపోయాయి. సెప్టెంబరు మూడో వారంలో ఆసుపత్రిలో కొందరు దగ్గుతూ, రక్తం కక్కుతూ చనిపోయారన్న మాట మా వీధికి వచ్చింది. మా నాన్నగారు మరుసటి రోజు మగ్గం షెడ్డు నుంచి మధ్యాహ్నమే తిరిగి వచ్చారు. నీళ్లలో విషం కలిసిందని ఒకరు, వందల మంది చనిపోతే దాస్తున్నారని ఒకరు, ఊరంతటికీ తాళం వేస్తారు కనుక రాత్రికే బయటపడాలని మరొకరు అంటున్నారు. మేము రోజూ చూపించుకునే డాక్టరు గారి క్లినిక్ మూసి ఉంది. ఆయన ఊరు విడిచారని తెలిశాక మా అమ్మ ఇంకేమీ వినలేదు, మూట కట్టేసింది. ప్లేగుకు వాడే టెట్రాసైక్లిన్ మందు ఎక్కడా దొరకలేదు. ముఖాలకు రుమాళ్లు కట్టుకుని స్టేషన్‌కు చేరాము. కొద్దిరోజుల్లో లక్షల మంది అలా నగరం విడిచిపోయారు.

ఇంతకూ మాకు ఎవరైనా చెప్పి ఉండవలసిన సంగతులు ఏమిటి? ఊపిరితిత్తుల ప్లేగు రోగి దగ్గరగా దగ్గినప్పుడు సోకుతుందని, జ్వరం వచ్చిన వెంటనే మందు మొదలుపెడితే బతుకుతారని, ఆ మందు ఫలానా ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తున్నారని, రోగిని చూసుకున్నవారు కొన్ని రోజులు ముందుజాగ్రత్తగా మాత్రలు వేసుకోవాలని. ఈ నాలుగు మాటలు తెలిసి ఉంటే మా నాన్నగారు ఊరు విడిచేవారు కారని ఆయనే తరువాత చాలాసార్లు అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఆ ఏడాది దేశం మొత్తంమీద అనుమానిత కేసులు 876, మరణాలు 54. మా వీధిలో ఆ రాత్రి వినబడిన సంఖ్యకూ దీనికీ పొంతనే లేదు.

మా ఊరికి చేరాక జరిగింది కూడా చెప్పాలి. సూరత్ నుంచి వచ్చామని తెలిసి మమ్మల్ని ఊళ్లోకి రానివ్వలేదు. ఊరి బయట ఒక మోటారు కొట్టంలో ఆరు రోజులు ఉన్నాము. మూడో రోజు ఒక నర్సమ్మ వచ్చి, మాకు మాత్రలు ఇచ్చి, కొట్టం అరుగు మీద కూర్చుని మా అమ్మ చేతి చాయ్ తాగింది. తరువాత ఊళ్లోకి పోయి, "వాళ్లకు జ్వరం లేదు, ఆదివారం దాకా చూస్తాను, అప్పటికీ రాకపోతే ఇక రాదు" అని చెప్పింది. ఆదివారం సాయంత్రం మా పెదనాన్న వచ్చి మమ్మల్ని ఇంటికి తీసుకుపోయాడు. ఆమె చెప్పిన గడువు మా అందరికీ ఎంత ఊరట ఇచ్చిందో చెప్పలేను.

ఫలితం వచ్చేదాకా ఆగాలనే వాదనకు ఒక మాట. అది నిజంగా ప్లేగేనా అన్న వాదన నిపుణుల మధ్య ఏళ్ల తరబడి సాగింది. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు జన్యు పరీక్షలు చేసి, అది ప్లేగు బాక్టీరియానే అని ప్రకటించినది 2000లో. అంతవరకు సూరత్ ఏ కాగితం కోసం ఆగి ఉండాలి?

సమాధానం 4 (మునుపు ఒక దినపత్రికలో ఉపసంపాదకుడు)

ఇంతవరకు అధికారుల సంగతే మాట్లాడుకున్నాము. మా వైపు తప్పును నేను ఒప్పుకుంటాను. 2020 డిసెంబరు 5న ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో, వాంతులతో పడిపోవడం మొదలైనప్పుడు, నేను డెస్కులో రాత్రి విధుల్లో ఉన్నాను. జబ్బుకు పేరు లేదు, శీర్షికకు మాత్రం పేరు కావాలి. "వింత వ్యాధి" అని పెట్టాము. ఇతరులు "అంతుచిక్కని వ్యాధి" అన్నారు. కరోనా రోజులు కావడంతో, ఆ రెండు మాటలూ చదివినవాడు ఇదీ ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బే అనుకున్నాడు. ఒకే ఇంట్లో ఒకరికి వచ్చి మరొకరికి రాకపోవడం, చాలామంది కొద్ది గంటల్లోనే కోలుకుని ఇంటికి వెళ్లడం వంటి సంగతులు మా వార్త లోపలి పేరాల్లో ఉన్నాయి. శీర్షిక వాటిని మింగేసింది. "ఏలూరులో మూర్ఛలు, కారణం కోసం పరీక్షలు" అని పెట్టినా సరిపోయేది. పేరు తెలియనప్పుడు లక్షణాన్నే పేరుగా వాడాలని అప్పటి నుంచి నాకు నేను పెట్టుకున్న నియమం.

ఆ సందర్భంలో మరో చిక్కు కూడా ఎదురైంది. ఎయిమ్స్ వారు మొదట రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. పది రోజులు గడిచేసరికి వేళ్లన్నీ పురుగుమందుల అవశేషాల వైపు తిరిగాయి. జబ్బు పడినవారు 600 మందికి పైనే. ఆ పది రోజుల్లో నీళ్లు, పాలు, కూరగాయలు ఒకదాని తరువాత ఒకటి అనుమానంలోకి వచ్చాయి. మాట మారినప్పుడల్లా పాఠకుడు "వీళ్లకు ఏమీ తెలియదు" అనుకున్నాడు. నిజానికి దర్యాప్తు అలాగే సాగుతుంది. కానీ మొదటి రోజే "ఇది తొలి పరీక్ష మాత్రమే, మరో మూడు సంస్థల ఫలితాలు రావాలి, అవి దీన్ని మార్చవచ్చు" అని అంతే పెద్ద అక్షరాల్లో రాసి ఉంటే, మార్పును జనం పురోగతిగానే చూసేవారు.

మాస్టారూ, మీ ప్రకటనలో "ఇప్పటికి" అన్న మాటను సిగ్గుపడకుండా వాడండి. తేదీ, గంట వేయండి. తరువాతి కబురు ఎప్పుడు చెబుతారో కూడా రాయండి, ఆ గంటకు చెప్పడానికి కొత్త సంగతి ఏమీ లేకపోయినా ఆ సంగతే చెప్పండి. పుకార్లు ఎక్కువగా పుట్టేది ఆ ఖాళీ గంటల్లోనే.

సమాధానం 5 (న్యాయవాది)

క్లుప్తంగా ఒక జాగ్రత్త. విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 54వ సెక్షన్ ప్రకారం విపత్తు గురించి తప్పుడు హెచ్చరిక చేసి భయాందోళన కలిగిస్తే ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు. భారతీయ న్యాయ సంహితలోని 353వ సెక్షన్ కూడా భయం పుట్టించే వదంతులకు వర్తిస్తుంది. అయితే సమాచారం నిజమని నమ్మడానికి తగిన కారణం ఉండి, సద్బుద్ధితో చెప్పినవారికి ఆ 353లోనే మినహాయింపు ఉంది. కనుక చూసినదాన్ని చూసినట్టు, తేదీతో రాయండి. జబ్బుకు పేరు పెట్టే పని వైద్యులకు వదిలిపెట్టండి. గోడకు అంటించే ముందు దాని ప్రతిని పురపాలక కార్యాలయానికి, ఆరోగ్య కేంద్రానికి పంపి, పంపినట్టు ఆధారం దగ్గర ఉంచుకోండి. మరణాల సంఖ్యను మాత్రం సంఘం తరఫున ఎన్నడూ ప్రకటించకండి.

సమాధానం 6 (హైదరాబాదులో పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం)

పెద్దలందరూ చాలా సంగతులు చెప్పారు. ఇంటింటికీ తిరిగే దానిని కనుక, చెప్పిన మాట అవతలి మనిషి చెవిలో ఏమవుతుందో నేను చెబుతాను.

"కాచి చల్లార్చిన నీరు తాగండి" అని పుట్టినప్పటి నుంచి వింటున్నాము కనుక ఎవరూ వినరు. విన్నవారు కూడా నీళ్లు వేడెక్కగానే దించేస్తారు. "బుడగలు తెర్లాక నిమిషం ఆగి దించండి, మూత తీయకుండా చల్లారనివ్వండి, గ్లాసు ముంచకుండా వంచుకోండి" అంటే చేస్తారు. ఓఆర్ఎస్ పొట్లాన్ని గ్లాసులో కొంచెం కొంచెం కలిపి ఇచ్చే తల్లులు ఎందరో. పొట్లం మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలని, ఆ నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలని సీసా చూపించి చెప్పాలి. "అతిసారం", "కలుషితం" వంటి మాటలు కాగితం మీద బాగుంటాయి గానీ, మా బస్తీలో "వాంతులు, మోషన్లు", "మోరీ నీళ్లు కలిసినయి" అంటేనే తలకెక్కుతుంది. మా దగ్గర ముసలివాళ్ల ముందు నోరుజారి "గత్తర" (కలరాకు మా వైపు మాట) అనకూడదు. ఆ మాటతో వాళ్లకు ఊళ్లు ఖాళీ అయిన రోజులు గుర్తుకొస్తాయి.

మాట మనిషిని ఎంతకాలం వెంటాడుతుందో చూడండి. నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని పెద్దవాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖాన అంటారు. క్వారంటైన్ అన్న మాటే నూరేళ్లలో కోరంటి అయింది. 2020లో అదే మాట మళ్లీ వచ్చి, ఇళ్ల ముందు స్టిక్కర్లు, కర్రల కంచెలు కట్టినప్పుడు, జ్వరం ఉన్నవాళ్లు మాకు తలుపు తీయడం మానేశారు. దగ్గు వినబడకుండా టీవీ శబ్దం పెంచిన ఇల్లు నాకు గుర్తుంది. ఆ ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు, పైనుంచి ఆదేశం ఉంటే తప్ప రోగుల ఇళ్లకు అలా పోస్టర్లు అంటించకూడదని చెప్పింది. 1896లో బొంబాయిలో ప్లేగు రోగులను బలవంతంగా తీసుకుపోతున్నారని మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆసుపత్రి మీద దాడి చేశారని మా శిక్షణలో చెప్పారు. ఏ ఇంట్లో ఎవరికి వచ్చిందో బయటపెడతారని భయముంటే, మీ ప్రకటన ఎంత బాగున్నా రోగులు దాక్కుంటారు. వీధి పేరు చెప్పండి, ఇంటి నంబరు వద్దు.

ఇంకొకటి అడుగుతాను, మాస్టరుగారూ, కోపగించుకోవద్దు. మీ సందేశం సంఘం వాట్సాప్ గ్రూపులో వెళుతుంది కదా. మీ ఇళ్లలో పనిచేసే అమ్మలు అందులో ఉన్నారా? కట్టే అపార్టుమెంటు దగ్గర రేకుల షెడ్లలో ఉండే ఒడిశా కూలీలు ఉన్నారా? అదే గొట్టం నీళ్లు కాలువ అవతలి గుడిసెలకు కూడా వెళుతుంటే, వాళ్లకు ఎవరు చెబుతారు? చెత్తబండి మైకులో పాట బదులు మీ నాలుగు మాటలు పెట్టించండి. గుడి, మసీదు, చర్చి మైకులను అడగండి. హిందీ, ఒడియా తెలిసిన మేస్త్రీ ఒకరిని పట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం, నీళ్లు వదిలే వేళకు ముందే ఆ మాట చేరాలి. ఉదయం ఐదున్నరకు బిందెలు నింపుకున్నాక పదింటికి చెబితే, ఆ రోజంతా ఆ నీళ్లే తాగుతారు.

ప్రశ్నించినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. అమ్మా, మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ నా జవాబు "లేరు" అనే. కాలువ అవతల 60 ఇళ్లు ఉన్నాయని, అక్కడ ఆ వారంలో ఏడుగురికి జబ్బు చేసిందని మీ మాట చదివాక వెళ్లి అడిగితే తెలిసింది. అంటే గురువారం నాటి నా 19 అన్న లెక్కే తప్పు.

మరోసారి అవసరపడితే వాడుకునేందుకు ఈ ప్రకటన రాసి ఉంచాను. ఖాళీలు అప్పుడు నింపుతాము. దయచేసి దిద్దండి.

"తేదీ …, సాయంత్రం … గంటలు. ఫలానా రెండు వీధుల్లో నిన్నటి నుంచి … మందికి వాంతులు, విరేచనాలు అయ్యాయి. వీరందరికీ ఒకే గొట్టం నుంచి నీళ్లు వస్తున్నాయి కనుక కుళాయి నీళ్ల మీద అనుమానం ఉంది. ఇది ఇప్పటికి అనుమానమే. నీటి పరీక్ష ఫలితం రావడానికి రెండు రోజులు పడుతుంది. ఇది కలరా కాదు. అంతవరకు తాగే నీళ్లు, పళ్లు తోముకునే నీళ్లు, పసిపిల్లల పాలలో కలిపే నీళ్లు బుడగలు తెర్లాక నిమిషం మరిగించి వాడండి. బట్టలకు, అంట్లకు మామూలు నీళ్లు వాడవచ్చు. విరేచనాలు మొదలైతే వెంటనే ఓఆర్ఎస్ నీళ్లు తాగిస్తూ ఆరోగ్య కేంద్రానికి రండి. పొట్లాలు కార్యదర్శి ఇంటి దగ్గర, గుడిసెల వైపు అంగన్‌వాడీ దగ్గర ఉచితంగా ఉన్నాయి. హోటళ్ల మీద, దుకాణాల మీద ఏ అనుమానమూ లేదు. రేపు సాయంత్రం 6 గంటలకు, కొత్త సంగతి ఉన్నా లేకపోయినా, ఇక్కడే మళ్లీ రాస్తాము. నీళ్లు బాగున్నాయని తేలిన రోజు ఈ కాగితం మీదే పచ్చ కాగితం అంటిస్తాము."

సమాధానం 1 రాసినవారు మళ్లీ

చాలావరకు బాగుంది. పచ్చ కాగితం ఆలోచన నాకు తట్టలేదు, దానికి మీకూ, కర్రీ పాయింట్ గారికీ అభినందనలు. మూడు సవరణలు చెబుతాను. "ఇది కలరా కాదు" అన్న వాక్యం తీసివేయండి. ఆ మాట మీకు ఎవరు చెప్పారు? ధైర్యం చెప్పాలనే మంచి ఉద్దేశంతోనే రాశారని తెలుసు, నా కార్యాలయంలో నేనూ ఆ ఉద్దేశంతోనే రాసేవాణ్ని. రెండు రోజుల తరువాత కల్చర్‌లో కలరా అని వస్తే, ఆ కాగితం మీద మిగతా వాక్యాలన్నీ దానితో పాటే చెల్లకుండా పోతాయి. దాని బదులు "ఏ క్రిమి అన్నది ఇంకా తెలియదు, ఏదైనా సరే, జాగ్రత్తలు ఇవే" అని రాయండి. రెండోది, అంట్లు మామూలు నీళ్లతో కడిగినా పూర్తిగా ఆరబెట్టాలని చేర్చండి. మూడోది, గ్యాసు లేక మరిగించలేని ఇళ్లకు క్లోరిన్ మాత్రలు ఎక్కడ దొరుకుతాయో రాయండి. గుడిసెల్లో చాలామందికి సిలిండర్ నెలాఖరుకు ఉండదు.

ప్రశ్నించినవారు

మూడూ దిద్దాను. ఈ ఉదయం ప్రతులు తీసి ఒకటి ఆరోగ్య కేంద్రానికి, ఒకటి పురపాలక కార్యాలయానికి ఇచ్చి, మరొకటి వాల్వు గదిలో పెట్టడానికి వెళ్లాను. నీళ్లు వదిలే లైన్‌మన్ దాన్ని రెండుసార్లు చదివి, ఇదే లైను మీద కింద ఇంకా రెండు కాలనీలు ఉన్నాయని, వాటికీ ఒక్కో ప్రతి ఇవ్వమని అడిగాడు.